అప్గార్ ఒక మనిషి పేరు

కాన్పు గదిలో అప్పుడే బిడ్డ పుట్టింది అనుకోండి. తల్లి చెవిన మొదట పడేది బిడ్డ ఏడుపు. ఆ వెనకే గదిలో ఇంకో మాట వినిపిస్తుంది. "అప్గార్ ఎంత?" అని ఒకరు అడుగుతారు. "ఎనిమిది" అని ఇంకొకరు చెబుతారు. ఐదో నిమిషంలో మళ్లీ అదే ప్రశ్న. "తొమ్మిది." ఆ రెండు అంకెలూ కేస్ షీట్ మీదికి ఎక్కుతాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా తీస్తోంది, కాళ్లూ చేతులూ బిగువుగా ఉన్నాయా వేలాడుతున్నాయా, కదిలిస్తే ముఖం చిట్లిస్తోందా, ఒంటి రంగు ఎలా ఉంది. ఈ ఐదింటికీ సున్నా, ఒకటి, రెండు చొప్పున మార్కులు వేసి కూడతాం. పదికి ఎన్ని వస్తే అదే ఆ బిడ్డ అప్గార్. శ్రీకాకుళంలో అయినా ఆదిలాబాదులో అయినా ఈ మాట అనని కాన్పు గది ఉండదు.

ఎంబీబీఎస్ చదివే రోజుల్లో అది ఒక సంక్షిప్త పదం అనుకునేదాన్ని. ఇంగ్లీషులో ఐదు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో లక్షణం. పరీక్షకు అలాగే బట్టీ పట్టాం. ఆ ఐదు అక్షరాలకూ ఐదు లక్షణాలు అతికించింది 1962లో. విద్యార్థులకు గుర్తుంటుందని ఒక పిల్లల డాక్టరు ఆ ఉపాయం చేశారు. అంతకు ముందు అది ఒక మనిషి పేరు. ఆ మనిషి ఒక స్త్రీ. పైగా నాలాగే మత్తు డాక్టరు. ఈ సంగతి నాకు పీజీలో చేరాకగానీ తెలియలేదు. తెలిసిన రోజున లైబ్రరీలో కూర్చుని చాలాసేపు ఆ పేరే చూస్తూ ఉండిపోయాను.

వర్జీనియా అప్గార్ 1933లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకున్నారు. సర్జన్ కావాలని ఆమె కోరిక. పనిమంతురాలని ఒప్పుకుంటూనే, సర్జరీలో ఆడవాళ్లకు నిలదొక్కుకునే దారి దొరకదని చెప్పి ఆమె గురువు అలెన్ విపుల్ ఆమెను మత్తుమందు వైపు మళ్లించారు. అప్పటికి అమెరికాలో మత్తు ఇచ్చేది ఎక్కువగా నర్సులే. ఆ పనిని డాక్టర్ల విద్యగా నిలబెట్టిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 1938లో అక్కడి మత్తు విభాగానికి పెద్ద అయ్యారు. పదకొండేళ్లు దాన్ని పెంచారు. 1949లో ఆ విభాగం పూర్తి స్థాయి శాఖ అయినప్పుడు శాఖాధిపతి కుర్చీ ఒక మగ డాక్టరుకు దక్కింది. అప్గార్‌కు ప్రొఫెసర్ హోదా ఇచ్చారు. ఆ వైద్య కళాశాలలో ఆ హోదా అందుకున్న తొలి మహిళ ఆమే.

ఆ తర్వాత ఆమె కాన్పు గదికి నడిచారు. తల్లికి ఇచ్చిన మత్తు బిడ్డ మీద ఎంత పని చేస్తుందో తేల్చాలంటే ముందు బిడ్డ ఎలా ఉందో కొలవాలి కదా. ఆ కొలమానాన్ని 1952లో ఒక సభలో వివరించి, 1953లో ఒక అనస్థీషియా పత్రికలో అచ్చు వేశారు. అప్గార్ వ్యాసం మీద ఒకే ఒక్క పేరుంది. ఆ పేరుకు ముందు ఇంకెవరి పేరైనా చేరి ఉంటే, ఈ రోజు కాన్పు గదిలో మనం అడిగే మాట వేరేదై ఉండేది.

ఇక మన హైదరాబాదు సంగతి. మత్తుమందుల చరిత్రలో ఈ ఊరికి చోటుంది. ఇక్కడ 1888లో ఒకటి, 1889లో ఒకటి, పాతకాలపు మత్తుమందు క్లోరోఫాం మీద కమిషన్లు రెండు జరిగాయి. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు. రెండో కమిషన్ కోసం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తే, లండన్ లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే శాస్త్రవేత్తను ఇక్కడికి పంపింది. క్లోరోఫాం ప్రమాదం గుండె దగ్గర మొదలవుతుందా, ఊపిరి దగ్గరా అన్నది వాదం. ఊపిరి దగ్గరే అని కమిషన్ తేల్చింది. అది పూర్తి నిజం కాదనీ, గుండె లయ తప్పడం కూడా ఉందనీ తర్వాత తేలింది. అయినా ఆ నివేదిక లాన్సెట్‌లో అచ్చయి ప్రపంచమంతా చదివింది.

ఆ రోజుల్లోనే, 1885లో, లారీ చొరవతో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి విద్యార్థినుల్లో రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ అమ్మాయి ఉంది. 1889లో హకీమ్ అనే వైద్య పట్టా తీసుకున్నారు. ఏళ్ల తరబడి ఈ ఊరి ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫాం ఇచ్చారు. చదువు చాలదనుకుని 1909లో ఎడిన్‌బరో వెళ్లి మళ్లీ చదివారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెబుతున్నారు. అయితే హైదరాబాద్ కమిషన్ అనగానే మాకు పాఠంలో వచ్చేది లారీ పేరు. రూపాబాయి మీద 2010లో ఇండియన్ జర్నల్ ఆఫ్ అనస్థీషియా ఒక వ్యాసం వేసేదాకా నాకు ఆమె పేరే తెలియదు. ఆనాటి రెసిడెన్సీ ఉన్న కోఠి మీదుగా నేను ఎన్ని వందల సార్లు బస్సులో వెళ్లానో!

ఇక్కడ శ్రోతలకు ఒక విషయం విడమరచి చెప్పాలి. డాక్టర్లు రాసే పరిశోధన వ్యాసాన్ని మేం "పేపర్" అంటాం. ఒక్కో పేపర్ మీద ఐదు, ఆరు, ఒక్కోసారి పదిహేను పేర్లుంటాయి. ఆ పేర్ల వరసలోనే అసలు సంగతంతా ఉంది. మన ఇళ్లలో శుభలేఖ వేయించేటప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు తర్వాత, పెద్దల పేర్లు ఎక్కడ. ఒక బాబాయి పేరు తప్పిపోతే ఆయన పెళ్లికి రారు. పేపర్ కూడా అంతే. మొదటి పేరు పని చేసిన మనిషిది: రాత్రుళ్లు మేలుకుని రోగుల వివరాలు రాసుకుని, లెక్క కట్టి, వ్యాసం రాసిన మనిషి. చివరి పేరు ఇంటిపెద్దది: ప్రశ్న వేసింది, దారి చూపింది, డబ్బు తెచ్చింది ఆయన లేదా ఆమె. మధ్యలో ఉన్నవాళ్లు శుభలేఖలో "బంధుమిత్రులు" లాంటివాళ్లు.

నా పీజీ థీసిస్ ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతుల మీద. మీలో ఆపరేషన్ అయినవాళ్లకు ఆ బాధ తెలిసే ఉంటుంది. కుట్ల నొప్పి కంటే ఆ వికారమే భరించలేకపోయామని చెప్పే ఆడవాళ్లను నేను రోజూ చూస్తాను. వంద మంది రోగులు. ఒక్కొక్కరి మంచం దగ్గరికి ఇరవై నాలుగు గంటల పాటు రెండేసి గంటలకొకసారి వెళ్లి అడగాలి: "వికారంగా ఉందా అమ్మా? వాంతి అయిందా?" చివరి ముప్పై మందికి వచ్చేసరికి నేను గర్భిణిని. పరీక్ష అయిన రెండు నెలలకు నాకు పాప పుట్టింది.

పాప బోర్లా పడుతున్న రోజుల్లో ఆ పేపర్ అచ్చయింది. నా పేరు మూడోది. మొదటి పేరు ప్రమోషన్ దగ్గరపడ్డ ఒక సార్‌ది. "నీకేం తొందరమ్మా, చిన్నదానివి. ఇంట్లో పసిబిడ్డ కూడా ఉంది. ముందు ముందు ఎన్ని రాస్తావో!" అన్నారు. నేను తలూపాను. ఆయన చెడ్డవారని ఈ మాట చెప్పడం లేదు. పాప బారసాలకు వెండి గిన్నె పట్టుకుని వచ్చినవాళ్లలో ఆయనా ఉన్నారు. నా రాత్రుళ్ల మీద తన పేరు వేసుకున్నానని ఆయనకు ఒక్క క్షణం కూడా అనిపించి ఉండదు. అడగవచ్చునని నాకూ తోచలేదు. ఏళ్ల తర్వాత, 2015లో, పదోన్నతికి పేపర్లు లెక్కించేటప్పుడు మొదటి ఇద్దరు రచయితలకే లెక్క అని అప్పటి మెడికల్ కౌన్సిల్ చెప్పింది. తర్వాత ఆ నియమం సడలింది గానీ, నా వంతు వచ్చిన రోజున ఆ వంద మంది రోగులూ లెక్కలోకి రాలేదు.

ఇది నా ఒక్కదాని కథే అయితే రేడియోలో చెప్పుకునేంత విషయం కాదు. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క వచ్చింది. ఆరు పేరున్న వైద్య పత్రికల పాత సంచికలు తిరగేసి, అమెరికా సంస్థల డాక్టర్లు రాసిన వ్యాసాల మీద ఆడవాళ్ల పేర్లు ఎన్నని ఎంచారు. 1970లో మొదటి పేర్లలో నూటికి 5.9. 2004 నాటికి 29.3. చివరి పేర్లు, అంటే ఇంటిపెద్దల పేర్లు, 3.7 నుంచి 19.3కు వచ్చాయి. కాన్పులూ స్త్రీ వ్యాధుల పత్రికలో మొదటి పేర్లు నూటికి 40 దాటాయి. సర్జరీ పత్రికలో చివరి పేర్లు 2004లో కూడా ఏడుకు చేరలేదు. ఆ 2004లోనే, న్యూ ఇంగ్లండ్ జర్నల్ తానే పిలిచి రాయించుకున్న సంపాదకీయాల్లో ఆడవాళ్లు రాసినవి 11.4 శాతం. మా మత్తు విభాగం మాటకొస్తే, కెనడా అనస్థీషియా పత్రిక తన 1954 నుంచి 2017 దాకా ఉన్న సంచికలను ఇలాగే లెక్క చూసుకుంది. పెరుగుదల ఉంది, సగం మాత్రం కాలేదు.

"ఆడవాళ్లు ఈ చదువులోకి వచ్చి ఎన్నాళ్లయిందని? ఆగితే అదే సర్దుకుంటుంది" అనే పెద్దలున్నారు. నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. అయితే 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వేసిన ఇంకో లెక్క ప్రకారం ఆరు పెద్ద పత్రికల్లో ఆడవాళ్ల మొదటి పేర్లు 1994లో 27 శాతం, 2014లో 37 శాతం. ఇరవై ఏళ్లలో పది. అదీ చివరి సంవత్సరాల్లో నిలిచిపోయింది, కొన్ని పత్రికల్లో వెనక్కి కూడా పోయింది. తనంతట అదే సర్దుకునేదైతే మధ్యలో ఎందుకు ఆగిపోయినట్టు?

ఎందుకు ఆగిందో లాక్‌డౌన్ కాస్త చూపించింది. 2020లో మేమంతా పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ రోగుల శ్వాసనాళంలోకి గొట్టాలు వేస్తున్నాం. అదే సమయంలో కోవిడ్ మీద వైద్య పత్రికల్లో పేపర్లు వరదలా వచ్చాయి. ఈలైఫ్ అనే పత్రికలో వచ్చిన అధ్యయనం ఆ పేర్లను ఎంచింది. అంతకుముందు ఏడాది అవే పత్రికల్లో వచ్చిన వ్యాసాలతో పోలిస్తే, కోవిడ్ పేపర్లలో మొదటి పేరు ఆడవాళ్లదిగా ఉన్న వాటి వాటా 19 శాతం తక్కువ. ఏం జరిగిందో మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. పిల్లల బడి ఇంటికొచ్చింది. పనిమనిషి రావడం ఆగింది. డ్యూటీ నుంచి వచ్చి, బయట స్నానం చేసి, వంటగదిలోకి వెళ్లిన డాక్టరు పేపర్ ఎప్పుడు రాస్తుంది?

తీర్పు చెప్పేవాళ్ల దగ్గర కూడా ఒక పేచీ ఉంది. కెనడాలో పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ కొంతకాలం రెండు పద్ధతులు పాటించింది. ఒకదానిలో "ఈ పరిశోధన ఆలోచన ఎలా ఉంది" అని చూశారు. రెండోదానిలో "ఈ పరిశోధకుడు ఎంతటివాడు" అని చూశారు. ఆలోచనను చూసిన చోట ఆడవాళ్లకూ మగవాళ్లకూ డబ్బు దక్కడంలో తేడా ఒక శాతం కూడా లేదు. మనిషిని చూసిన చోట అది నాలుగు శాతానికి పెరిగింది. 2019లో లాన్సెట్ వేసిన ఈ ఫలితాన్ని నేను మా పీజీలకు ఏటా చెబుతాను.

అదే ఏడాది ఇంకొకటి వచ్చింది, నన్ను బాగా కదిలించింది. మొదటి పేరూ చివరి పేరూ రెండూ ఆడవాళ్లవే ఉన్న పేపర్లలో "అపూర్వం", "అద్వితీయం", "అత్యుత్తమం" లాంటి మాటలు తక్కువగా ఉంటాయట. 12.3 శాతం తక్కువ. పెద్ద పత్రికల్లో అయితే 21.4. అలాంటి మాటలున్న పేపర్లను ఇతరులు ఎక్కువగా ఉదహరిస్తారు కూడా. మన ఇళ్లలో ఆడపిల్లకు "గొప్పలు చెప్పుకోకు" అని నేర్పుతాం, మగపిల్లాడు అదే పని చేస్తే చలాకీ అంటాం. మన దగ్గరే ఇలా అనుకున్నాను, అన్ని చోట్లా అంతే అని ఆ లెక్క చెప్పింది.

మన తెలుగు ఆడవాళ్లకు అదనంగా ఒక చిక్కుంది. ఇంటిపేరు. పుట్టింట్లో ఒక ఇంటిపేరు, పెళ్లయ్యాక ఇంకోటి. పైగా మన అలవాటు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెట్టి అసలు పేరు రాయడం. విదేశీ పత్రికల పట్టికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. కె. లక్ష్మి పేరుతో మూడు పేపర్లు రాసిన అమ్మాయి పెళ్లి తర్వాత పి. లక్ష్మి అయితే, కంప్యూటర్ దృష్టిలో ఆమె ఇద్దరు మనుషులు. కె. లక్ష్మి చదువు మానేసింది, పి. లక్ష్మి కొత్తగా మొదలుపెట్టింది. అలాంటి లక్ష్ములు ఎంతమందో! ఆడామగా లెక్కలు తీసేవాళ్లు పేరును బట్టే గుర్తుపడతారు గనక, పొడి అక్షరాలు మాత్రమే ఉన్న పేర్లను ఏ వైపూ వేయలేక పక్కన పెడతారు. అంటే ఆ లోటును కొలిచే లెక్కలో కూడా మనవాళ్లు సరిగా పడే వీలు తక్కువ. 2012 నుంచి ఆర్కిడ్ అనే పదహారు అంకెల నంబరు ఉంది. పరిశోధకులు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పేరు మారినా నంబరు మారదు. పీజీలో చేరిన రోజే ప్రతి అమ్మాయీ దాన్ని తీసుకోవాలని నా కోరిక.

మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు: డాక్టర్ల పేర్ల గొడవ మాకెందుకు, మాకు వైద్యం సరిగా అందితే చాలు కదా అని. వైద్యం దగ్గరే ఆ పేర్ల అవసరం పడుతుంది. 1999లో ఒక అధ్యయనంలో, ఒకే పద్ధతిలో మత్తు ఇచ్చి ఆపితే, ఆడవాళ్లు సగటున ఏడు నిమిషాలకు కళ్లు తెరిచారు, మగవాళ్లకు పదకొండు నిమిషాలు పట్టింది. అంటే మత్తు మందు రెండు శరీరాల్లో ఒకేలా నడవదు. ఆపరేషన్ తర్వాత వాంతులు ఎవరికి ఎక్కువగా అవుతాయో ముందే చెప్పే నాలుగు గుర్తుల్లో, అన్నిటికంటే బలమైనది ఆడ శరీరం కావడమే. ఇలాంటి తేడాలను ఎవరు వెతుకుతారు? 2017లో 15 లక్షలకు పైగా వైద్య వ్యాసాలను పరిశీలించిన ఒక బృందానికి ఒక సంబంధం కనిపించింది. మొదటి పేరో చివరి పేరో ఆడవాళ్లదైన పేపర్లలో, రోగుల్లో ఆడామగా తేడాను విడిగా చూసే అవకాశం ఎక్కువ. పేపర్ మీద పేరున్న మనిషి ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు మీ మంచం దగ్గరికి వస్తుంది.

మన దేశపు వైద్య పత్రికలు చాలావరకు పేపర్‌ను పరీక్షించే రివ్యూయర్లకు రచయితల పేర్లు తెలియనివ్వవు. అది మంచి పద్ధతే. కానీ పేర్ల వరస తేలేది పేపర్ పోస్టు కాకముందు, మా డిపార్ట్‌మెంట్ గదిలో, టీ గ్లాసుల మధ్య. అక్కడ ఏ పత్రికా కాపలా ఉండలేదు. అందుకే నా దగ్గర పీజీలు థీసిస్ మొదలుపెట్టేటప్పుడే ఒక కాగితం మీద రాయిస్తాను: ఎవరు ఏ పని చేస్తారు, ఎవరి పేరు ఎక్కడ ఉంటుంది. మొదట్లో తోటివాళ్లు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు వాళ్ల పీజీలతో కూడా రాయిస్తున్నారు.

నిరుడు నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. "మేడమ్, ఓపీలో ప్రతి మూడో అమ్మా ఒకటే చెబుతోంది. సిజేరియన్‌కి వెన్నులో సూది వేశారు, అప్పటినుంచి నడుం నొప్పే అని. పుస్తకంలో మాత్రం సంబంధం లేదని ఉంది. మరి నొప్పి ఎక్కడిది?" అంది. కాన్పు నొప్పులు తగ్గించడానికి వెన్ను దగ్గర ఇచ్చే మత్తు మీద పెద్ద అధ్యయనాలే జరిగాయి. దానివల్ల దీర్ఘకాలం నడుం నొప్పి వస్తుందని అవి తేల్చలేదు. అక్కడితో శాస్త్రం చేతులు దులుపుకుంది. ఈ అమ్మాయి దులుపుకోలేదు. కాన్పయిన ఆరు నెలలకు ఆ తల్లులకు ఫోన్ చేసింది. బిడ్డను ఏ చంకన ఎత్తుకుంటారు, పాలిచ్చేటప్పుడు ఎలా కూర్చుంటారు, నీళ్ల బిందె ఎన్నో రోజు నుంచి మోశారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు అని అడిగింది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తోచని ప్రశ్నలు అవి.

మొన్న పేపర్ పంపే ముందు మొదటి పేజీ తెచ్చి నా ముందు పెట్టింది. తన పేరు పుట్టింటి ఇంటిపేరుతో పూర్తిగా రాసుకుంది, పక్కన పదహారు అంకెల నంబరు. నా పేరు చివర. మధ్యలో ఒక నర్సమ్మ పేరుంది. "ఫోన్లు సగం ఆవిడే చేశారు మేడమ్" అంది. నేను సంతకం పెట్టాను. పేపర్ వెళ్లి అయిదు వారాలైంది. రివ్యూయర్ల నుంచి ఇంకా జవాబు రాలేదు.